పన్నెండు వేల సాఫ్ట్‌వేర్, కొసరు వేరే

ముందు పోయినవి చెప్తాను. వచ్చినవి చెప్పడానికి ఎక్కువసేపు పట్టదు.

చిత్తూరు చుట్టుపక్కల మామిడి మండీలకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాసి అమ్మడం నా వృత్తి. ఇరవై ఏళ్లలో డబ్బిచ్చి కొన్నవాళ్లు ముప్పై ఎనిమిది మంది. వాడినవాళ్లు, రిపేరుకు నాకు ఫోన్ చేసినవాళ్లను బట్టి లెక్కేస్తే, రెండు వందల పదకొండు మంది. అంటే నూట డెబ్భై మూడు కాపీలు పోయాయి. కాపీలు పోకుండా పెట్టిన తాళాలు ఐదు పోయాయి. ఒకటి కుడితి తొట్టిలో పడింది. గేదెకు ఏమీ కాలేదు. ఒకదానికి ఆయుధపూజ రోజున గంధం, కుంకుమ పెట్టి తడి ఆరకముందే కంప్యూటర్‌లో గుచ్చారు. అది కంప్యూటర్‌ను కూడా తీసుకుని పోయింది. ఒకటి హుండీలో పడింది, ఆ కథ కిందొస్తుంది. మిగిలిన రెండూ ఏమయ్యాయని అడిగితే యజమానులిద్దరూ ఒకే మాటన్నారు: "ఏం తాళం?"

బాకీ అడగడానికి వెళ్లి మండీల బయట విడిచిన చెప్పులు మూడు జతలు పోయాయి. ఒక బావమరిది పోయాడు. మూడేళ్లకు మళ్లీ దొరికాడు కాబట్టి అతన్ని పోయినవాటిలో వేయాలా, వచ్చినవాటిలో వేయాలా అని మా ఆవిడ రేవతిని అడిగాను. "మా తమ్మున్ని లెక్కల్లో యేస్తే నీకు సంగటి నేను యెయ్యను," అంది. అందుకని పెన్సిల్‌తో రాసి పెట్టుకున్నాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడిగేది ఒకటే: "సార్, ఏ లాంగ్వేజ్ నేర్చుకోవాలి?" బేరం నేర్చుకోండి అంటాను. నవ్వుతారు. నేను కూడా మొదట్లో నవ్వాను.

పరుపు

నేను చదివింది ఇంటర్. కంప్యూటర్ నాకెవరూ నేర్పలేదు. దామోదర నాయుడి మండీలో గుమాస్తాగా ఉన్నప్పుడు, ఆయన ఎవరి దగ్గరో బాకీ కింద జమ చేసుకున్న కంప్యూటర్ ఒకటి మూలన పడుంటే, దాని మీద గోనెపట్ట తీసి నేర్చుకున్నాను.

మండీ లెక్క చూడటానికి చిన్నది, చేయడానికి పెద్దది. రైతు కాయలు తెస్తాడు. తూచాలి. దెబ్బకాయకింతని తరుగు తీయాలి. రేటు వేయాలి. కమీషన్, దించిన కూలి తీసేయాలి. మిగిలింది చీటీ మీద వేసి రైతు చేతికివ్వాలి. ఆ చీటీని పట్టీ అంటాం. సీజన్లో రోజుకు రెండు వందల పట్టీలు. సాయంత్రానికి గుమాస్తాకు ఎనిమిది, ఆరు ఒకటిగానే కనబడతాయి. ఆ బాధ పడలేకే సాఫ్ట్‌వేర్ రాశాను. రాసిన తరవాత దాన్ని అమ్ముకుని బతకొచ్చనే ఆలోచన వచ్చింది. ఆ రెండో ఆలోచన దగ్గరే మనుషులు చెడిపోతారు.

ఉద్యోగం మానేసి చిత్తూరులో ఒక గది అద్దెకు తీసుకున్నాను. నాకు నేను ఒక్క మామిడి సీజన్ గడువు పెట్టుకున్నాను. మా దగ్గర సంవత్సరం అంటే ఆ మూడు నెలలే. ఆలోగా అద్దె, ఇంటి ఖర్చు రాకపోతే మళ్లీ నాయుడి మండీలో గుమాస్తా పరుపు మీద కూర్చోవాలి. ఆ పరుపు మాట నేను ఊరికే అనలేదు. నేను మానేసినా నాయుడు ఇంకొకర్ని పెట్టుకోలేదు. నేను కూర్చునే దూది పరుపును రోజూ దులిపించి ఎండలో వేయించేవాడు. నేను ఆ దారిన స్కూటర్ మీద పోతే గట్టిగా కేకేసేవాడు:

"నీ పరుపు అట్లనే ఉండాదప్పా గురవయ్యా! దూది గూడా ఏకించి పెట్టినా!"

ఇంత ప్రేమగా భయపెట్టిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

బిళ్ల తూకం

మొదటి కస్టమర్ కూడా ఆయనే. వేరే ఎవరూ ముందు కొనరు. "నాయుడే కొనలేదంటే ఏదో ఉండాది" అంటారు. అందుకని సీడీ తీసుకుని ఆయన దగ్గరికే పోయాను.

నాయుడు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు. "ఇదేనా?"

"ఇదేనన్నా."

"ఎంత?"

"పన్నెండు వేలు."

ఆయన నవ్వలేదు. బేరంలో నవ్వితే మెత్తబడినట్టు. లేచి పోయి సీడీని మామిడికాయలు తూచే కాటా మీద పెట్టాడు. క్రేట్లకు క్రేట్లు తూచే కాటా అది. అరకిలోకు తక్కువైతే దానికి కనబడదు. సున్నా చూపించింది.

"సూడప్పా. సున్నా."

"బరువు కాదన్నా, దాంట్లో ఉండే లెక్కకు..."

"కాయలో రసం ఉండాదని రైతు రసానికి వేరే రేటు అడుగుతాడా? ఖాళీ బిళ్ల బజార్లో ఎంత?"

"పది రూపాయలు."

"మరి మిగతా పదకొండు వేల తొమ్మిది వందల తొంభై దేనికి?"

ఇక్కడ నేను కొత్తవాళ్లందరూ చేసే తప్పు చేశాను. పడిన కష్టం చెప్పుకున్నాను. "రెండేళ్లు కూర్చోని రాసినానన్నా."

"యాడ కూర్చోని రాసినావు? మా పరుపు మీద. ఎవరి కరెంటు? మాది. మధ్యాన్నం తినిన అన్నం ఎవరిది? మాది. ఆ లెక్కన సగం సాఫ్ట్‌వేర్ మాదే. ఆరు వేలు నువ్వే నాకియ్యాల."

పిల్లలూ, ధర అడిగినప్పుడు మీ చెమట లెక్క చెప్పకండి. కొనేవాడికి దానివల్ల మీ మీద జాలి కలుగుతుంది, జాలికి ఎవరూ పన్నెండు వేలు ఇవ్వరు. ఆయనకు ఇప్పటికే పోతున్న డబ్బు గుర్తుచేయండి. నాకు ఆ తెలివి అప్పటికప్పుడు వచ్చింది.

"అన్నా, పోయిన సీజన్లో పట్టీల కూడికల్లో తప్పులు పడి ఎంత పోయింది?"

నాయుడి మొహం మారింది. "ఇరవై రెండు వేలు. ఆ తప్పులు యేసింది నువ్వే గదరా!"

"అవునన్నా. నేను పోయినాను. దీన్ని పెట్టినాను."

ఆయన సీడీని కాటా మీంచి తీసి పెట్టెలో పెట్టుకుని, పన్నెండు వేలకు ఒప్పుకున్నాడు. నాలుగు వేలు అప్పుడే చేతిలో పెట్టాడు. ఎనిమిది వేలు సీజన్ అయినాక. నేను లేవబోతుంటే, "కొసరు?" అన్నాడు.

ఈ ప్రాంతం కానివాళ్లకు ఒక మాట. మా దగ్గర వంద కాయలు కొంటే ఐదు కాయలు కొసరు. కూరగాయలకు కరివేపాకు కొసరు. కొసరు ఇవ్వకపోతే బేరం కుదరనట్టే. డబ్బు ఇచ్చినా మనసు ఒప్పుకోదు.

"సాఫ్ట్‌వేర్‌కు కొసరేందన్నా?"

"ఇంకో బిళ్ల. మా తమ్ముని మండీకి."

"అది కొసరు కాదన్నా, ఇంకో పన్నెండు వేలు."

"సున్నా కిలోల వస్తువుకు ఇంకో సున్నా కిలోలు ఇయ్యడానికి నీకేం నొప్పప్పా?"

ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఈ కథ లేదు. పైగా ఆయన నిద్రపోడని తెలిసి, సాఫ్ట్‌వేర్‌కు తాళం పెట్టాను. డాంగిల్ అంటారు. బొటనవేలంత ముక్క, కంప్యూటర్ వెనక గుచ్చితేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. కాపీ ఎన్ని చేసుకున్నా తాళం ఒకటే కాబట్టి ఒక్కచోటే నడుస్తుంది. మద్రాసులో తెచ్చాను, తొమ్మిది వందలు. "తాళం జాగ్రత్తన్నా, ఇది పోతే అంతా పోయినట్టే," అని ఒకటికి రెండుసార్లు చెప్పాను.

ఆ రెండోసారి చెప్పకుండా ఉండాల్సింది.

ముడుపులో తాళం

నాయుడు జాగ్రత్త గల మనిషి. రోజూ సాయంత్రం తాళం పీకి ఇంటికి తీసుకుపోయేవాడు. ఇంట్లో అన్నిటికంటే భద్రమైన చోటు దేవుడి గూడు. దేవుడి గూట్లో అన్నిటికంటే భద్రమైనది పసుపు గుడ్డలో కట్టిన తిరుమల ముడుపు. దాన్ని ఇంట్లో ఎవరూ ముట్టుకోరు. అందుకని మొక్కుబడి రూపాయల మధ్య తాళం పెట్టి ముడేసేవాడు, పొద్దున విప్పేవాడు. ఈ ఏర్పాటు వాళ్లింటామెకు చెప్పలేదు. చెబితే భద్రం ఉండదట.

సీజన్ మంచి ఊపులో ఉండగా ఒక శనివారం ఆయన ఫోన్ చేశాడు.

"గురవయ్యా, నీ తాళం కొండకు పోయిందప్పా."

"ఏ కొండకన్నా?"

"ఎన్ని కొండలుండాయి మనకు? మా ఇంటామె వాళ్ల చెల్లెలితో కలిసి దర్శనానికి పోయింది. ముడుపు తీసుకోని పోయి హుండీలో యేసేసింది. ఈడ ఇరవై ట్రాక్టర్లు నిలబడి ఉండాయి. నీ సాఫ్ట్‌వేర్ తాళం తాళం అని అరుస్తాండాది."

"తిరిగి అడిగి చూద్దామా?"

"స్వామికిచ్చింది తిరిగి అడుగుతారా? నువ్వు మనిషివేనా? అయినా లైసెన్సు యాడికీ పోలేదు గదా. నాదే. స్వామి దగ్గర ఉండాది. ఇంకో తాళం తెచ్చియ్యి."

ఆ తొమ్మిది వందలు ఎవరు ఇవ్వాలన్నది ఈ రోజుకూ తేలలేదు. లైసెన్సు పత్రంలో తాళం పోతే ఏం చేయాలో రాశాను, దొంగతనం జరిగితే ఏం చేయాలో రాశాను. దానం చేస్తే ఏం చేయాలో రాయలేదు. మీరు రాయండి.

కొత్త తాళానికి మద్రాసు పోయి రావాలంటే రెండు రోజులు. అంతవరకూ నాయుడి మండీ ఆగకూడదు. తాళం లేకుండా తెరుచుకునే కాపీ ఒకటి తయారు చేసి, రేణిగుంటలో సీడీల అంగడి పెట్టుకున్న మా బావమరిది హరి చేతికిచ్చి, "నాయుడి కంప్యూటర్‌లో వేసి రా, అంతే," అని చెప్పి నేను బస్సెక్కాను.

నేను మరీ అమాయకుణ్ణి కాదు. ఆ తెరిచిన కాపీ నాయుడు దాచుకుని తమ్ముడికి కొసరుగా ఇస్తాడని తెలుసు. అందుకని దాంట్లో చిన్న కిటుకు పెట్టాను. మూడు రోజులు మామూలుగా పనిచేస్తుంది. ఆ తరవాత ప్రతి పట్టీలో రైతు తూకానికి పది కిలోలు కలుపుతుంది. నా ఆలోచన ఇది: సాఫ్ట్‌వేర్ ఆగిపోతే ఇంకోచోట ఇంకో కాపీ వెతుక్కుంటారు. చేతిలోంచి డబ్బు పోతే మాత్రం వ్యాపారి అర్ధగంటలో కనిపెట్టి నా దగ్గరికి పరుగెత్తుకొస్తాడు. అప్పుడు పన్నెండు వేలకు అమ్మొచ్చు.

పెన్సిల్ పెట్టి చూసుకుంటే లెక్క బాగుంది. నేను రెండు రోజుల్లో కొత్త తాళం తెచ్చి నాయుడి కంప్యూటర్‌లో అసలు కాపీ మళ్లీ వేశాను. తెరిచిన కాపీ చెరిపేశాను. అంతా సరిపోయిందనుకున్నాను.

పది కిలోలు

వారం తిరక్కుండానే నాకు ఫోన్లు మొదలయ్యాయి. నాయుడు కాదు, నేను ఎప్పుడూ చూడని మండీలవాళ్లు. "గురవయ్యగారేనా? ప్రింటర్ రావడం లేదు, ఒకసారి వస్తారా?" ఒకాయన దగ్గరికి పోయి సీడీ చూపించమన్నాను. కవరు మీద నా ఫోటో ఉంది. మా పెళ్లి ఫోటోలోంచి నన్ను కత్తిరించి వేశారు; భుజం మీద రేవతి చేయి మిగిలిపోయింది. కింద నా ఫోన్ నెంబరు. ధర నూటయాభై.

హరిని ఇంటికి పిలిపించాను.

"బావా, నువ్వు కొసరు ఇయ్యనన్నావంట. నాయుడు శానా బాధపడినాడు. సరేలే అని నేనే ఒగ బిళ్ల కొట్టిచ్చినా."

"ఒకటి నాయుడికి. మిగతావి?"

"కొడతా ఉంటే చెయ్యి ఆగలే."

"నా ఫోటో ఎందుకు వేసినావు?"

"నీ పేరు దొంగతనం చేస్తానా నేను? రాసినోడి పేరు ఉండాలగదా."

"ఫోన్ నెంబరు?"

"రిపేరు నాకు తెలీదు గదా బావా."

రేవతి వంటింట్లోంచి వచ్చింది. నన్ను వెనకేసుకొస్తుందనుకున్నాను. కవరు తీసుకుని చూసి, "నా చేయి మాత్రమే యేసినావేందిరా, మొహం యేస్తే నీ సొమ్ము పోతుందా?" అంది.

ఇంకో నిజం కూడా చెప్పాలి. నేను సాఫ్ట్‌వేర్ రాయడానికి వాడిన సాఫ్ట్‌వేర్ కూడా హరి అంగట్లోదే. అప్పుడు నూటయాభై శానా ఎక్కువని వంద ఇచ్చాను.

సరే, నాయుడి మండీ ఉండే మార్కెట్ యార్డులోనే ఏడు మండీలకు కాపీలు పోయాయి. కిటుకు పనిచేయడం మొదలై ఉండాలి. ఏడుగురూ అర్ధగంటలో రావాలి. రాలేదు. వారమైంది, రాలేదు. నాకు అర్థం కాలేదు. తరవాత కూర్చుని లెక్క వేస్తే తెలిసింది. కిలో ఎనిమిది రూపాయలనుకుంటే పది కిలోలకు ఎనభై. అందులో నూటికి పది కమీషన్, అంటే ఎనిమిది రూపాయలు మండీకి పెరుగుతుంది. డెబ్భై రెండు మండీ జేబులోంచి పోతుంది. యజమాని సాయంత్రం చూసేది కమీషన్ ఒక్కటే. అది పెరిగింది! సంతోషం. కాయలు ఫ్యాక్టరీకి పోయి తూకం తగ్గితే, "ఎండకు కాయ ఆరింది" అనుకుంటాడు. మామిడి కాయ నిజంగానే ఆరుతుంది. నా మోసాన్ని ఎండ కాపాడింది.

కనిపెట్టింది రైతు. పూతలపట్టు పక్కనుంచి చెంగల్రాయులు అని ఒకాయన, ఇంటి దగ్గర వేబ్రిడ్జి మీద బండి తూచుకుని మండీకి పోయే అలవాటు. ఆయన పట్టీ పట్టుకుని నా గదికే వచ్చాడు, దాని అడుగున నా పేరు అచ్చయి ఉంటుంది కాబట్టి.

"సామీ, ముప్పై ఏండ్లుగా కాయలు తోల్తాండా. మండీ లెక్క నా తూకం కంటే ఎక్కువొచ్చింది ఇదే మొదలు. నాకు రాత్రి నిద్ర పట్టలేదు. దీంట్లో నాకేమన్నా మోసం ఉండాదా?"

"లేదు," అన్నాను.

"నిజంగా?"

"నీకు లేదు."

ఆయన పట్టీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. సాయంత్రానికి పూతలపట్టు అంతా తెలిసింది.

ట్రాక్టర్ ఒకటి, పట్టీలు పదకొండు

రైతులు దొంగ కాపీ ఉన్న ఏడు మండీల ముందు వరస కట్టారు. నాయుడి మండీలో ఈగలు. యార్డు మొత్తంలో డబ్బిచ్చి కొన్నది ఆయనొక్కడే, సరైన లెక్క చెప్పేది ఆయన కంప్యూటర్ ఒక్కటే, రైతు లేనిది ఆయనకొక్కడికే.

నన్ను పిలిపించాడు. కోపంలో ఆయన గొంతు తగ్గుతుంది, అదే భయం.

"దుడ్డిచ్చినోన్ని నేను. నష్టపోయినోన్ని నేను. దొంగోళ్ల మండీలు తిరునాళ్ల మాదిరి ఉండాయి. ఏందప్పా ఇది?"

కిటుకు సంగతి చెప్పేశాను. ఆయన మొత్తం విన్నాడు.

"అంటే నాకు అసలు సరుకు ఇచ్చినావు."

"అవునన్నా."

"నాకు ఆ దొంగదే ఇయ్యి."

"అది తప్పు లెక్కన్నా!"

"రైతు వచ్చే లెక్క తప్పెట్లయితాది? ఇదిగో, ఎనిమిది వేలు నీకియ్యాల్సింది ఈ పెట్టెలో పెట్టుండా. పది రోజుల్లో మా మండీకి రైతు వస్తే తీసుకో. రాకుంటే..." మూలనున్న పరుపు వైపు చూపించాడు. దానికి కొత్త గలీబు కుట్టించి ఉంది.

నా గది అద్దె రెండు నెలలు బాకీ. ఇంకొక్క కస్టమర్ కూడా కొనలేదు. నూటయాభైకి దొరికేది పన్నెండు వేలకు ఎవరు కొంటారు? గలీబు మీద పూలు కూడా ఉన్నాయి.

నన్ను కాపాడింది నా తెలివి కాదు, రైతుల తెలివి. కలిసేది పట్టీకి పది కిలోలు. అంటే ట్రాక్టర్ మొత్తం ఒక్క పట్టీ మీద తూస్తే పది. రెండు పట్టీలు చేస్తే ఇరవై. ఇది చెంగల్రాయులు కనిపెట్టాడు. మరుసటి రోజు ఒకే ట్రాక్టర్ తెచ్చి తన పేర ఒక పట్టీ, పెండ్లాం పేర ఒకటి, నాయన పేర ఒకటి, కొడుకులు, కోడళ్లు, వాళ్ల పిల్లల పేర్ల మీద ఒక్కొక్కటి, మొత్తం పదకొండు రాయించాడు. పదకొండో పేరు రాముడు. గుమాస్తా "రాముడెవరు?" అంటే "మాయింట్లో అందరికంటే కష్టపడేది వాడే" అన్నాడు. రాముడు వాళ్ల ఎద్దు. పట్టీ మీద పది కిలోలు పడ్డాయి.

అది చూసి మిగతావాళ్లు ఊరుకుంటారా? నాలుగు రోజుల్లో యార్డులో రైతుల కంటే పట్టీలు ఎన్నో రెట్లు పెరిగాయి. ఇక కాయ ఆరిందని చెప్పుకోడానికి లేదు. ఎంత ఎండైనా ఒక్క ట్రాక్టర్ కాయ నూటపది కిలోలు ఆరదు.

నూటయాభై రూపాయల కస్టమర్లు

ఏడుగురు యజమానులూ ఒకేసారి నా గదికి వచ్చారు. కుర్చీలు రెండే. ఐదుగురు నిలబడ్డారు. నిలబడినవాళ్లకు కోపం ఎక్కువ ఉంటుంది. అంగట్లో కుర్చీల దగ్గర పిసినారితనం చేయకండి.

"నీ సాఫ్ట్‌వేర్ తప్పుడు లెక్క యేస్తాండాది. మా నష్టం నువ్వు కట్టాల," అన్నాడు వాళ్లలో పెద్దాయన.

"మీరు నా దగ్గర కొన్నారా?"

ఆయన సీడీ తీసి నా ముందు పెట్టాడు. "ఇది నీ ఫోటో కాదా? ఇది నీ నెంబరు కాదా?"

రేవతి మధ్యాన్నం అన్నం తెచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "ఫోటో మా ఆయనదే. ఆ చెయ్యి నాది. బిల్లు యాడుందన్నా?" అంది.

పట్టీ లేకుండా ఒక్క కాయ కూడా ముట్టుకోని మనుషులు వాళ్లు. బిల్లు లేదన్న మాట వాళ్ల నోటితో వాళ్లే అనలేకపోయారు. పెద్దాయన కండువా దులిపి మళ్లీ భుజం మీద వేసుకున్నాడు.

"సరే, తప్పు లేని బిళ్ల ఎంత?"

"పన్నెండు వేలు."

నవ్వారు. అందరూ నవ్వారు కాబట్టి బేరం ఉందన్నమాట.

"సూడప్పా," అన్నాడు పెద్దాయన. "పది కిలోలు పూరా తీసేస్తే రైతు పోతాడు. ఉంచితే మేం పోతాం. మధ్యలో ఏమన్నా ఉంటే చెప్పు."

ఈ వాక్యం విన్నప్పుడు నాకు నా వృత్తి అర్థమైంది. వాళ్లకు సరైన లెక్క అక్కర్లేదు. రైతును నిలుపుకునేంత కొసరు, తాము మునిగిపోనంత కొసరు, ఆ అంకె తమ చేతిలో ఉండాలి. నేను తాళాలేసి, కిటుకులు పెట్టి కాపాడుకున్న వస్తువు ఎవరికీ అక్కర్లేదు. కోపంతో పెట్టిన తప్పు అందరికీ కావాలి.

ఆ సాయంత్రానికి ఒక కొత్త గడి చేశాను. "కొసరు: ఇన్ని కిలోలు." ఇంటికి రోజుకు ఒక్క పట్టీకే పడేటట్టు, ఎద్దులకు పడకుండా. తరుగు, కమీషన్ మారినట్టే కొసరు కూడా ప్రతి సీజన్‌కూ మారుతుంది కాబట్టి, కాపీకింత అని కాకుండా సీజన్‌కింత అన్నాను. రెండు వేలు అనుకుని, రెండు వేల ఐదు వందలు చెప్పాను. ఏడుగురూ ఒప్పుకున్నారు. పదిహేడు వేల ఐదు వందలు. లేవబోతూ పెద్దాయన అన్నాడు: "కొసరు?"

ఈసారి నేను సిద్ధంగా ఉన్నాను. "మా బావమరిది హరి. సీజన్ అయ్యేదాకా ఏడు మండీలకూ ప్రింటర్ రిపేరు, ఇంకు నింపడం ఉచితం. రోజూ వస్తాడు."

హరి రెండు వారాలు వచ్చాడు. మూడో వారం నుంచి మూడేళ్లు కనబడలేదు.

వసూలు

అద్దె కట్టేశాను. పరుపు నుంచి బయటపడ్డాను. నాయుడికి కొసరు గడి ఉచితంగా వేసి ఇచ్చాను. మూడు కిలోలు పెట్టుకున్నాడు, పక్కవాళ్లు రెండు పెట్టారు కాబట్టి. రైతులు తిరిగొచ్చారు. నేను ఎనిమిది వేలు, తాళం తొమ్మిది వందలు అడగడానికి పోయాను.

"ఇస్తాలే. వచ్చినావు గదా, ఈ ప్రింటర్ కాయితం నములుతాండాది, సూడు."

చూశాను. వచ్చే నెల పోయాను. "వచ్చినావు గదా, మౌసు కదల్లేదు." ఆ పై నెల, "వచ్చినావు గదా, మా తమ్ముని మండీలో గూడా ఒకసారి..." బాకీ అడగడానికి పోయినప్పుడల్లా ఏదో ఒకటి బాగుచేసి, మజ్జిగ తాగి, ఒక్కోసారి చెప్పులు పోగొట్టుకుని వచ్చాను. మిగతా ముప్పై ఏడు మంది సీజన్‌కు రెండున్నర వేలు కట్టి రిపేరు చేయించుకున్నారు. నాయుడు ఎనిమిది వేల తొమ్మిది వందలు కట్టకుండా ఇరవై ఏళ్లు చేయించుకున్నాడు. పోయిన కాపీలు నూట డెబ్భై మూడు నన్ను ఏమీ చేయలేదు. డబ్బు కట్టిన ఈ ముప్పై ఏడు మందిలో చాలామంది దొంగ కాపీతో మొదలుపెట్టి, తరవాత కొసరు గడి కోసం నా దగ్గరికి వచ్చినవాళ్లే. నన్ను నిజంగా దోచుకున్నది పన్నెండు వేలకు, బిల్లుతో కొన్న ఒకే ఒక్క మనిషి.

ఇప్పుడు మండీలన్నీ ఫోన్ యాప్‌లకు మారాయి. నేను గది ఖాళీ చేశాను. ఆ సంగతి తెలిసి మొన్న నాయుడే ఫోన్ చేశాడు.

"గురవయ్యా, ఈ యాప్‌కు నెలనెలా కట్టాలంట. ఒక్కరోజు దాటితే ఆగిపోతాది. నువ్వెంత మంచోడివప్పా, ఇరవై ఏండ్లు ఆపలేదు. రా, నీ బాకీ మొత్తం ఇచ్చేస్తా. పెట్టెలో పెట్టుండా."

పోయాను. మండీలో చాలామంది రైతులు పట్టీల కోసం కూర్చుని ఉన్నారు. చెంగల్రాయులు కూడా ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నాయుడు నన్ను చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు.

"వచ్చినావు గదా. ఈ ఫోన్లో కొసరు గడి యాడుండాదో కనబడలేదు. రైతులు గొడవ చేస్తాండారు. ఒకసారి సూడు."

వెతికాను. లేదు. ఎక్కడో ఎవరో రాసిన యాప్‌లో కొసరు ఎందుకుంటుంది? రైతులు చూస్తున్నారు. నేను ఒక కాయితం తీసుకుని, గోడవారగా కూర్చుని, పట్టీ పట్టీకీ కొసరు చేత్తో కలిపి రాసి ఇచ్చాను. సాయంత్రం దాకా పట్టింది. ఒక్క కూడిక కూడా తప్పు పోలేదు. అందరూ వెళ్లాక లేవబోతే నడుము పట్టేయలేదు. కింద చూస్తే పూల గలీబు.

"రేపు గూడా వచ్చి పో అప్పా," అన్నాడు నాయుడు.

బాకీ అడగనే లేదని బస్సు పూతలపట్టు దాటుతుండగా గుర్తొచ్చింది. ఇంటికి పోతే రేవతి అడిగింది, "ఇచ్చినాడా?"

"రేపు ఇస్తాడంట."

ఈ రోజుకు దామోదర నాయుడి నుంచి రావలసినది ఎనిమిది వేల తొమ్మిది వందల రూపాయలు. కొసరు వేరే.